రెండు కొలతల కోటు

సాల్జ్‌బర్గ్,
నవంబరు 1947

ముత్యాలన్నకు, ఎంకమ్మ వదినకు చెల్లె శ్యామల దండాలు పెట్టి రాస్తున్నది.

నేను క్షేమంగ చేరిన. పడవల కక్కినన్ని దినాలు కక్కి, రైలెక్కి, ఇంకో రైలెక్కి, ఆస్ట్రియా దేశంల ఈ ఊర్ల దిగినం. ఇది డాక్టరమ్మ పుట్టిన ఊరు. హిట్లరు కాలంల యూదులను ఎల్లగొడితే పానం అరచేతుల పట్టుకొని మన పట్నం వచ్చి దవాఖాన పెట్టుకున్న మనిషి. లడాయి అయిపోయిందని బిడ్డను తీస్కొని మళ్ల వచ్చింది. నేను పెంచే బిడ్డ, నా కొంగు ఇడువదు గనక నన్ను గూడ తోల్కవచ్చింది. రెండేండ్లుంటే సాలన్నది. ఆమె తల్లి లడాయిల ఇక్కడ్నే ఉండిపోయిందట. ఎతుకుతున్నది.

ఊరు మంచిగున్నది. నడుమల ఏరు, గుట్ట మీద కోట. కొన్ని ఇండ్లకు పైకప్పుల్లేవు, బాంబులు పడ్డయట. ఎక్కడ చూసినా అమెరికా సిపాయిలు.

ఇక్కడి బట్టల సంగతి రాయమన్నవు. నువ్వు దర్జీవి, నీకు ఇంకో ధ్యాస ఉండదు. మొగోళ్లు తోలు చెడ్డీలు తొడుగుతరు. పిల్లలు గాదు, మీసాలున్నోళ్లు. జింక తోలట. తాతది తండ్రి తొడుగుతడు, తండ్రిది కొడుకు తొడుగుతడు. ఉతకరు. పాతగైనకొద్ది ఇజ్జత్ ఎక్కువ.

ఆడోళ్లు లంగా, జాకెట్ తొడిగి ముందర ఒక గుడ్డ గట్టుకుంటరు. ఆ గుడ్డ ముడి ఎడమకుంటే పెండ్లి కాలే అన్నట్టు, కుడికుంటే అయింది అన్నట్టు, ఎనకకుంటే మొగడు సచ్చిపోయిండు అన్నట్టు. దుకాణపామె నాకొకటి తొడిగి సూపెట్టి, ముడి ఎటు ఎయ్యాలె అనడిగింది. ఎనకకు అన్న. ఆమెది గూడ ఎనకకే ఉన్నది. ఇంకేమడగలే.

చలికి మొగోళ్లు తొడిగే పచ్చకోటు ఒకటున్నది. వాన పడితే నీళ్లు లోపటికి దిగయి. చేతుల పట్టి చూసిన. అన్నా, అది మన గొంగడి. ఉన్నిని ఉడకబెట్టి, తొక్కి గట్టిపరిచి, రంగేసి, జింక కొమ్ము గుండీలు పెట్టిన్రు. మన కురుమోళ్లకు చెప్తే నవ్వుతరు. ఆ కోటు, కుచ్చు టోపీ తొడిగినాయన ఫొటో కార్డు పంపిస్తున్న, కుట్టు చూడు.

తమ్ముడు వీరస్వామి మిషిను మీద కూసుంటున్నడా, ఊర్లు తిరుగుతున్నడా? జర గట్టిగ చెప్పు వానికి.

నీ చెల్లె
శ్యామల


ఇబ్రహీంపట్నం,
జనవరి 1948

చెల్లె శ్యామలకు ముత్యాలు దీవించి రాయునది.

మేం క్షేమం. ఊరు క్షేమం. దొరవారు క్షేమం. నైజాం సర్కారు మస్తు క్షేమం. ఉత్తరాలు పట్నంల ఇప్పి చదువుతున్నరని తపాలాయన చెప్పిండు. చదివేటాయనకు గూడ దండాలు.

నీ ఉత్తరం అందింది. మన ఊరికొచ్చే ఉత్తరాలు ఇప్పుడు ముందుగాల దొరవారి గడికి పోయి, తర్వాత ఇంటికొస్తున్నయి. ఫొటో కార్డు రాలే. దొరవారు ఉంచుకున్నరు. నన్ను పిలిపిచ్చి, ముత్యాలూ, గిసొంటి కోటు నాకు గావాలె, మీ చెల్లెకు రాయి అన్నరు. చానా దూరం దొరా అన్న. అంత దూరం కాంచి ఉత్తరం వచ్చింది గద, కోటెందుకు రాదు అన్నరు. న్యాయమే అనిపిచ్చింది.

కొలతలు తీసుకున్న. దొరవారు ఊపిరి పీల్చి బిగబట్టి నిలవడ్డరు. నేను టేపు చదివేదాక ఆపలేక ఇడిసిన్రు. ఛాతీ నేను కొలిచిందొకటి, వారు రాయమన్నదొకటి. నడుము గూడ అంతే, గాని ఉల్టా. రెండు కొలతలు చీటీల రాసి పెడుతున్న. దుకాణపామెకు చెప్పు, రెండిట్ల పెద్ద కొలత మీదనే కత్తిరియ్యాలె. నిజం కొలత లోపట మడతల ఉంటది, ఎవరికి కనవడది.

వీలైతే ఆ కుచ్చు టోపీ గూడ.

మిషిను గడిల భద్రంగ ఉన్నది. దొరవారే పెట్టుకున్నరు. నేను చేతితోని కుడుతున్న. చేతికుట్టు గట్టిగుంటది. వీరస్వామి అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు పని దొరికిందని పోయిండు. ఏం పనో చెప్పలే.

ఎంకమ్మ అడగమన్నది: ఆడ పసుపు దొరుకుతదా, కూరలెట్ల తింటున్నవు?

కోటు జల్ది పంపు. ఫికర్ చేయకు.

ముత్యాలు


సాల్జ్‌బర్గ్,
మార్చి 1948

అన్నకు, వదినకు దండాలు.

పసుపు దొరకదు. కూరలు తెల్లగనే తింటున్న.

నీ ఉత్తరం మీద నైజాం సర్కారు ముద్ర, దాని పక్కన అమెరికోళ్ల ముద్ర ఉన్నయి. వీళ్లు గూడ ఇప్పి చూస్తరు. తెలుగు చూసి మళ్ల అంటిచ్చిన్రు.

కోటు కోసం బజారంత తిరిగిన. ఇక్కడ కొనుడు మనకాడి తీరు గాదు. అద్దాల కిటికీల కోట్లు, టోపీలు, లంగాలు అన్నీ ఏలాడుతుంటయి. లోపటికి పోయి అది గావాలె అంటే, అది చూడనీకి అంటరు. లోపట బీరువాలు ఖాళీ. లడాయిల ఉన్నంత ఉన్ని ఫౌజుకే పోయింది. బట్టకు చీటీలిస్తరు. చీటీ ఉన్నోళ్లు నిలవడి నిలవడి దారపుండ తీస్కపోతరు.

సిపాయిలకు మాత్రం ఏదో ఒకటి అమ్ముతరు. కొయ్య బొమ్మలు, గాజుబుడ్డిల మంచు కురిసేటివి, ఆవు మెడకు కట్టే గంటలు. గంటలు మస్తు పోతున్నయి. వాళ్లకాడ ఆవుల్లేవు. ఎందుకు కొంటున్నరు అని దుకాణపామెను అడిగిన. ఆమె పేరు హెడ్విగ్. ఇంటికి పోయినంక ఇక్కడికి వచ్చినట్టు రుజువుండాలె గద అన్నది.

టోపీ కుచ్చు అడవిమేక వీపు మీది ఎంట్రుకలట. ఒక్క కుచ్చుకు చానా మేకలు పోవాలె. ఎంత పెద్ద కుచ్చయితే అంత పెద్ద మనిషట. ఈ మాట దొరకు చెప్పకు.

అన్నా, మిషిను గడిల ఎందుకున్నది? బాపు రెక్కలరగదీసుకొని కొన్న మిషిను. భద్రానికి మనిల్లు లేదా? చేతికుట్టు గట్టిగుంటదని నాకు చెప్తవా? నేను నీకాడ్నే నేర్చుకున్న. ఉన్నది ఉన్నట్టు రాయి.

శ్యామల


ఇబ్రహీంపట్నం,
ఏప్రిల్ 1948

శ్యామలా,

ఈ ఉత్తరం ఎడ్లబండ్ల మీద బెజవాడ పోయేటాయన చేతికిస్తున్న. ఆడ డబ్బాల ఏస్తడు. అది యూనియన్ రాజ్యం, మన గడోళ్లు చదువరు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్న. చదివి పొయ్యిల పెట్టు.

నేను మన్నెగూడల పెండ్లోళ్లకు బట్టలియ్య పోయిన దినం, వీరస్వామి మన మిషిను మీద సంఘపోళ్ల ఎర్రజెండాలు కుట్టిండు. జెండాలు తీస్కపోయిండు గాని సూదిల దారం తీయలే. గడి మనుషులు వచ్చి ఇల్లంత దేవులాడితే ఎర్ర బట్ట పేలికంత దొరకలే. సూదిల ఎర్రదారం దొరికింది. రవిక కుడుతున్న అని చెప్పిన. ఎవరిది అన్నరు. నాకు జల్ది పేరు రాలే.

గడి ముంగట ఎండల వంగవెట్టి వీపు మీద రాయి పెట్టిన్రు. పొద్దుగూకినంక పొమ్మన్నరు. మిషిను ఉంచుకున్నరు. దొర ఇప్పుడంటున్నడు, కోటొస్తే మిషినిస్త, లేకుంటే బావిల ఏపిస్త అని. ఏపిస్తడు. పోయినేడు రైతు బుగ్గయ్య నాగలి అట్లనే ఏపిచ్చిండు.

వీరస్వామి అబ్దుల్లాపూర్‌మెట్ పోలే. దళంల కలిసిండు. రాచకొండ గుట్టలల్ల ఉన్నడంటరు. సుక్కమ్మ కొడుకు లింగస్వామి గూడ వానెంబడే పోయిండు. మనింటికి, సుక్కమ్మ ఇంటికి నడుమ గోడ ఒక్కటే గద, ఆమె ఏడిస్తే మాకినవడుతది. ఎంకమ్మ పోయి కూసుంటది.

రజాకార్లు మొన్న పక్కూరు కాలవెట్టిన్రు. మంట మన వాకిట్ల కాంచి కనవడ్డది. ఈ ఊరికి వస్తే ఎటు ఉరకాల్నో చూసి పెట్టుకున్నం.

నీకు చెప్పొద్దనుకున్న. నువ్వేం చేస్తవు ఆడికాంచి. కోటు దొరక్కపోతే దొరకలే అని రాయి. బాపు చేతితోనే కుట్టిండు ముందుగాల.

ముత్యాలు


సాల్జ్‌బర్గ్,
జూన్ 1948

అన్నా,

ఉత్తరం పొయ్యిల పెట్టిన. నేను గూడ ఉన్నది ఉన్నట్టు రాస్త.

డాక్టరమ్మ ఇంట్ల వేరేటోళ్లున్నరు. లడాయిల కొనుక్కున్నం అని కాయితం సూపెడుతున్నరు. మేం ముగ్గురం ఒక అర్రల ఉంటున్నం. ఆమెకు దవాఖానల సగం పనే దొరికింది. తల్లి జాడ దొరికింది. యూదులను రైలెక్కిచ్చి పంపిన్రట, ఆ రైలు ఎక్కడికి పోయిందో ఇక్కడ అందరికీ తెలుసు. ఎక్కిచ్చేటప్పుడు చూసినోళ్లు మాత్రం ఒక్కరు లేరట ఈ ఊర్ల. డాక్టరమ్మ తెల్లారి లేచి దవాఖానకు పోయింది.

నాకు జీతమిచ్చే తాకత్ ఆమెకు లేదు. నేనే అడగలే. చలికాలం కాంచి హెడ్విగ్ దుకాణంల కుడుతున్న. కోటు కొననీకి పోతున్న అని రాసిన గద, పోతున్నది పనికి. ఎనకర్రల కూసొని జేబురుమాళ్ల మీద పూలు కుడుత. సిపాయిలు వాటిని ఆస్ట్రియా ఆడోళ్లు తరతరాల కాంచి కుట్టే పూలని కొంటరు. అండ్ల సగం మన పాదిరోళ్ల మిషన్ బడిల టీచరమ్మ నేర్పిన మల్లెమొగ్గలు.

కోటు కుట్టిన. ఉన్ని దొరకలే. ఒక సిపాయి వాళ్లమ్మకు దుప్పటి అంచు నేను కుట్టి ఇస్తే ఫౌజు రగ్గు ఒకటిచ్చిండు. హెడ్విగ్ బట్టలుడకబెట్టే గుండిగల రంగేసినం. పచ్చ గావాల్నని ఏస్తే ఉడికిన గోంగూర రంగొచ్చింది. హెడ్విగ్ చూసి, పాతగైతే మంచిగైతది అన్నది. ఇక్కడ అన్నింటికీ అదే మాట.

రగ్గు మీద అమెరికా ఫౌజు అచ్చరాలున్నయి. బట్ట సాలక ఆ ముక్క గూడ ఏసిన, లోపట ఎడమ చంక కింద. అస్తరు ఏసి కప్పినా జర కనవడుతది. కాలరు మీద ఇక్కడి కొండపూలు కుట్టిన, రెండు దిక్కుల ఒక్కొక్కటి. తెల్లగ సుక్క తీరుగ ఉంటయి.

గుండీలు హెడ్విగ్ ఇచ్చింది. ఆమె కొడుకులిద్దరు రష్యా లడాయికి పోయిన్రు. పెద్దోడు సచ్చిపోయిండని కాయితం వచ్చింది. వాని కోటు గుండీలు కోసిచ్చింది. చిన్నోని కోటు అక్కడ్నే ఏలాడుతున్నది, దాన్ని ముట్టనియ్యలే. వానిది కాయితం రాలే.

నువ్వన్నట్టే పెద్ద కొలత మీద కత్తిరిచ్చిన. ఇద్దరు పడతరు. టోపీ దొరకలే. పార్సలు బొంబాయి మీదికెళ్లి వస్తది.

వీపు ఎట్లున్నది? ఆ సంగతి ఒక్క మాట రాసి ఊకున్నవు.

శ్యామల


ఇబ్రహీంపట్నం,
అక్టోబరు 1948

చెల్లె శ్యామలకు,

వీపు మంచిగున్నది. వంగితే మంచిగున్నది. నిలవడితేనే జర పడుతది. దర్జీకి వంగుడే పని.

నాలుగు నెలలు ఉత్తరాల్లేవు, పార్సల్లేవు. ఉప్పు గూడ లేకుండె. యూనియన్ సర్కారు దారులు బంద్ చేసింది. ఇప్పుడు మిలట్రీ వచ్చింది, నైజాం దిగిపోయిండు, నువ్వు గూడ ఆడ పేపర్లల్ల చూసే ఉంటవు. మిలట్రీ మోటార్లు సడక్ మీద పోతుంటే చేన్లల్ల నిలవడి చూసినం. మన ఊర్ల ఆగలే.

దొర అంతకు ముందే పట్నం ఉరికిండు. గడి తలుపులు బార్ల తెరిచున్నయి. మనిషి లేడు, కుక్క లేదు. ఊరంత వాకిలి దాక పోయినం. లోపటికి ఎవ్వరు పోలే. నేను గూడ పోలే. మిషిను ఏ అర్రల ఉన్నదో తెలుసు నాకు. చెప్పులిడిసి చేతుల పట్టుకొని నిలవడ్డ. జరసేపటికి అందరం ఇండ్లకొచ్చినం. ఎంకమ్మ ఆ రాత్రి నాతోని మాట్లాడలే.

మదార్ సాబు యాదికున్నడా, గుండీలు దారాలమ్మేటాయన. రజాకార్లు పోయినంక వేరే మంది కట్టెలు పట్టుకొని ఆయన ఇంటి మీదికొచ్చిన్రు. ఆయన జన్మల సూది తప్ప ఇంకోటి పట్టలే. ఎంకమ్మ ఆయనను, పెండ్లాన్ని మనింట్ల పెట్టి, వాకిట్ల రోలు ముంగటేసుకొని కూసున్నది. వచ్చినోళ్లు అడిగితే, లోపట బాలింత ఉన్నది అన్నది. బాలింత అంటే ఎవ్వరు లోపటికి రారు. ఇప్పుడు ఊరోళ్లు బిడ్డా కొడుకా అనడుగుతున్నరు.

దొర తిరిగొచ్చిండు. తెల్ల బట్టలు, నెత్తి మీద తెల్ల టోపీ. వారం కాకముందే గడి మీద యూనియన్ జెండా ఎక్కిచ్చిండు. అది ఎక్కడ కుట్టిచ్చిండో, నాకు చెప్పలే.

గుట్టలు ఎక్కినోళ్లు దిగి రాలే. మిలట్రీ ఇప్పుడు వాళ్లనే ఎతుకుతున్నది.

ముత్యాలు


సాల్జ్‌బర్గ్,
డిసెంబరు 1948

అన్నకు, వదినకు, బాలింతకు దండాలు.

నీ ఉత్తరం హెడ్విగ్‌కు చదివి చెప్పిన. రోలు ముంగటేసుకున్న కాడ ఆపి మళ్ల చెప్పమన్నది. తర్వాత డాక్టరమ్మకు చెప్పిన. మా వీధిల గూడ అసొంటి రోలొక్కటుంటే సాలుండె అన్నది.

క్రిస్మస్ అంగడి పెట్టిన్రు. మైనం దీపాలు, గడ్డితోని చేసిన సుక్కలు, బెల్లం రొట్టెలు. కొనేటోళ్లు తక్కువ, చూసేటోళ్లెక్కువ. హెడ్విగ్ చిన్నకొడుకు కోసం గుడిల దీపం పెట్టింది. నేను గూడ ఒకటి పెట్టిన. ఎవరికి అనడిగింది. గుట్ట మీద ఉన్నోనికి అన్న.

వచ్చే ఏడు నా ఒప్పందం అయిపోతది. డాక్టరమ్మ అడుగుతున్నది, ఉంటవా పోతవా అని. ఏం చెప్పాలె?

కోటు అందిందా?

శ్యామల


ఇబ్రహీంపట్నం,
ఫిబ్రవరి 1949

శ్యామలా,

కోటు వచ్చింది. బొంబాయిల ఎవరో ఇప్పి చూసి మళ్ల కట్టిన్రు, కట్టుడు రాలే వాళ్లకు. కాలరు కుట్టు చూసిన. కాజాలు చూసిన. నేను నేర్పిన దాని కంటే మంచిగున్నది. ఈ మాట మళ్ల రాయ.

సంకలేసుకొని గడికి పోయిన. ఎంకమ్మ నా ఎంబడి వచ్చింది. వద్దన్న. ఇన్నదా?

అరుగు మీద పట్నం కాంచి వచ్చిన పెద్దమనుషులు కూసొని చాయ్ తాగుతున్నరు. అందరికీ తెల్ల టోపీలే. దొర వాళ్లకు చెప్తున్నడు, మా ఊర్ల ఎన్నడు వెట్టి లేదు, ఎవరి కష్టం వాళ్లదే అని. నేను పోయి నిలవడ్డ. కోటు సూపెట్టిన. దొర దాన్ని చూసి, మొఖం అటు తిప్పుకొని, విదేశీ బట్ట నేను ముట్ట, నువ్వు పోయి మంచి ఖద్దరు టోపీలు కుట్టుకరా, చానా గావాలె అన్నడు.

నాకు ఏం చేయాల్నో తెల్వలే. శ్యామలా, నేను ధైర్యమున్నోన్ని గాదు, నీకు తెలుసు. అయితే టోపీలు కుట్టనీకి మిషిను గావాలె గద అనిపిచ్చింది. గంతే. చెప్పులిప్పకుండ లోపటికి పోయిన. వడ్ల బస్తాల నడుమ ఉన్నది, దుమ్ము పట్టి. తల నేను ఎత్తుకున్న. కింది చట్రం ఎంకమ్మ నెత్తి మీద పెట్టుకున్నది.

అరుగు కాడికి రాంగనే దొర లేచి నిలవడ్డడు.

“ఎటు?” అన్నడు.

“ఇంటికి” అన్న.

పెద్దమనుషులల్ల ఒకాయన చాయ్ కప్పు కింద పెట్టి, ఇదేంది, ఈ మిషిను ఎవరిది అనడిగిండు. దొర నా దిక్కు చూసిండు. నేను దొర దిక్కు చూసిన.

“ఆయనదే” అన్నడు దొర. “ఖరాబైతే నేనే రిపేరు చేపిచ్చిన.”

“అవ్ దొరా” అన్న. “మంచిగ రిపేరైంది.”

ఇంటికొచ్చేదాక ఎనకకు చూడలే. వచ్చినంక వాకిట్ల కూలవడ్డ. ఎంకమ్మ మిషినుకు నూనె పోసి, తుడిసి, కుంకుమ పెట్టింది. మనం మిషన్ గుడికి పోయేటోళ్లం, కుంకుమ ఎందుకే అన్న. మిషిను పోదు గద గుడికి అన్నది.

కోటు మిగిలింది. ఈ ఎండలకు ఎవరు తొడుగుతరు. దూరపు చుట్టమొకాయనకు చలిజ్వరం పట్టుకున్నదని ఎవరో చెప్పిన్రు. ఆయన ఎక్కడుంటడో నాకు తెల్వదు. ఎంకమ్మకు గూడ తెల్వదు. మొన్న ఎంకమ్మ కోటు మడిచి గంపల పెట్టి, మీద రేగుపండ్లు పోసుకొని, అమ్ముకొస్తనని పోయింది. రెండు దినాలకు ఉత్త గంపతోని వచ్చింది. అమ్ముడు పోయినయా అన్న. పోయినయి అన్నది. కండ్లు వాసినయి. నేనింకేం అడగలే.

ఉండుడా పోవుడా నువ్వే చూసుకో. ఇక్కడ మిషిను ఉన్నది అని మాత్రం చెప్త.

ముత్యాలు


సాల్జ్‌బర్గ్,
ఏప్రిల్ 1949

అన్నా,

రేగుపండ్లు తిన్నాయన ఎట్లున్నడు? ఒక్క మాట రాయి. వదిన కండ్లు ఎందుకు వాసినయో అడిగి రాయి. అడగకుండుడు నీకలవాటు, నాకు లేదు.

హెడ్విగ్ గూడ అడుగుతున్నది. కోటు ఎవరు తొడిగిన్రో చెప్పిన. పెద్దకొడుకు గుండీలు గద, ఆమెకు తెల్వాలె.

శ్యామల


ఇబ్రహీంపట్నం,
జూన్ 1949

శ్యామలా,

కూసొని చదువు. తమ్ముడు బతికున్నడు. అది ముందుగాల రాస్తున్న.

ఎంకమ్మ పోయిన దినం వాడు బండ కింద పండుకొని వణుకుతున్నడట. వదినను గుర్తువట్టలే, అమ్మా అన్నడట. కండ్లు వాసింది అందుకే. నేనడిగిన, చెప్పింది.

పోయిన నెల పోలీసులు గుట్ట చుట్టేసిన్రు. నడిచేటోళ్లు నడిచిన్రు. వీనికి జ్వరం తిరగవెట్టింది, లేవలేడు. వీన్ని ఇడిసిపెట్టి పోనని లింగస్వామి ఆగిండు. ఇంకిద్దరు ఆగిన్రు. నలుగురు దొరికిన్రు. ఆడ దొరికినోళ్లను కిందికి తేరు. ఆడ్నే కాల్చి, ఎదురుకాల్పులు అని రాసుకుంటరు.

వీన్ని లేపితే కోటుతోని లేచిండు. వాళ్ల ఆఫీసరు కోటు చూసిండట. కొమ్ము గుండీలు చూసిండు. కాలరుకు రెండు దిక్కుల తెల్ల సుక్కలు చూసిండు. ఇప్పి చూస్తే చంక కింద అమెరికా ఫౌజు అచ్చరాలున్నయి. ఇసొంటి కోటు మామూలోనికి ఉండదు, వీడు పెద్ద లీడరు, బయటి దేశం కాంచి వచ్చిండు, వీన్ని కాల్చొద్దు, పట్నంల పెద్ద సాబులు అడగాలె అన్నడట. ఏం పేరని అడిగితే, జ్వరంల, వీరస్వామి, ముత్యాలు తమ్మున్ని అన్నడట. అది గూడ దొంగపేరని రాసుకున్నరు. గుట్ట మీదికెళ్లి మంచం మీద మోసుకొచ్చిన్రు. పోలీసులే మోసిన్రు. లారీల పరుపేసి, తుపాకులోళ్లను కూసోబెట్టి, పట్నం దవాఖానల ఏసిన్రు. క్వినైను సూదులిచ్చిన్రు. జ్వరం తగ్గింది.

నన్ను పిలిచిన్రు. కోటు ఎవరిచ్చిన్రు అన్నరు. నా చెల్లె కుట్టింది, మా దొర కొలతల మీద అన్న. రెండు దెబ్బలేసి మళ్ల అడిగిన్రు. మళ్ల అదే చెప్పిన. టేపు తెచ్చి కొలిచిన్రు. దొర కంటే కోటు పెద్దగున్నది. అబద్ధం చెప్పకు అన్నరు. దొరను అడిగిన్రు, నాకేం తెల్వదన్నడు. ఇప్పుడు వాడు జైల్ల ఉన్నడు. పెద్ద లీడరు కాడని వాళ్లకు గూడ అర్థమైంది గాని, అప్పటికి కాయితాలు చానా దూరం పోయినయి. పేరు రాసుకున్నోన్ని కాల్చనీకి రాదట. ఏండ్లు పడొచ్చు. పడనీ.

జైల్ల కలిసిన. సన్నగైండు. ఏమన్న చెప్తవారా అక్కకు అని అడిగిన.

“గుండీ ఒకటి ఊడింది, ఎతికిన, దొరకలే, కోపానికి రావద్దని చెప్పు” అన్నడు.

లింగస్వామి సంగతి వాడు అడగలే. నేను చెప్పలే. ఇద్దరం జాలికి అటొకలు ఇటొకలు నిలవడి గోడ చూసినం. లింగస్వామి ఒంటి మీద ఉత్త అంగీ ఉండె. నేనే కుట్టిన, ఈ చేతులతోని.

ఎంకమ్మ పొద్దున లేచి సుక్కమ్మ కాడికి పోతది, దీపాలు పెట్టేయాళ్లకు వస్తది. సుక్కమ్మ ఇప్పుడు ఏడుస్తలేదు. గోడకవతల సప్పుడుండదు. ఏడిస్తేనే మంచిగుండె.

ముత్యాలు


సాల్జ్‌బర్గ్,
ఆగస్టు 1949

అన్నా,

నీ ఉత్తరం దుకాణానికే వచ్చింది. కూసొని చదువు అన్నవు. కుర్చీ మీద గిరాకీల టోపీలున్నయి. కింద కూసున్న.

హెడ్విగ్ ముంగటర్ర కాంచి వచ్చి చూసింది. ఈ దేశంల ఆడమనిషి ఉత్తరం పట్టుకొని కింద కూసుంటే ఒక్కటే అర్థం. చేతిల ఉన్న టోపీ బల్ల మీద పెట్టింది.

“ఎవరు?” అన్నది.

నా తమ్ముడు బతికున్నడు అని చెప్పిన. నీ కొడుకు గుండీలు వాన్ని కాపాడినయి అన్న. ఆమె సంతోషపడుతదనుకున్న. నా మొఖమే చూస్తున్నది. మళ్ల అడిగింది, మరి ఎవరు అని.

పక్కింటి పిల్లగాడు అన్న. లింగస్వామి. నేను ఎత్తుకొని తిప్పిన. నడుమ గోడ ఒక్కటే.

ఆమె తల ఊపింది. గుండీల సంగతి మళ్ల ఎత్తలే.

డాక్టరమ్మకు నిన్ననే చెప్పిన, చలికాలం పడకముందు పడవెక్కుత అని. బిడ్డకు ఇప్పుడు ఇక్కడి మాటలొచ్చినయి, నా కొంగు లేకుండ బడికి పోతున్నది. సుక్కమ్మకు ఏం తేవాల్నో బజార్ల తిరిగి చూసిన. కొయ్య బొమ్మలు, గంటలు, గాజుబుడ్డీలు. ఒక్కటి గూడ చేతికి రాలే. ఉత్త చేతులతోనే వస్త. వదిన ఎంబడి నేను గూడ పోయి ఆమెకాడ కూసుంట.

హెడ్విగ్ లంగా సదురుకొని నా పక్కన కింద కూసున్నది. పెద్ద మనిషి, మోకాళ్లు వంగయి, బల్ల పట్టుకొని కూసున్నది. ముంగట తలుపు సప్పుడైంది. ఎవరో కొననీకి వచ్చిన్రు, జరసేపు పిలిచిన్రు. మేమిద్దరం లేవలే.

నీ చెల్లె
శ్యామల